ప్లగ్గు పీకిన రోజు

8-5-2006, సోమవారం

ముందు అందరి ఒళ్లూ ఎలా ఉన్నాయో రాసుకుంటేనే నాకు మనసు కుదురుతుంది. నా మోకాలు అలాగే ఉంది. చిత్తూరులో కూతురికి బీపీ తగ్గిందంట. నా దగ్గరుండే మనవరాలు ధరణికి దగ్గు పోలేదు, వద్దన్నా ఐస్ నీళ్లే తాగుతుంది. చెల్లెలు మునెమ్మ ఎలా ఉందో తెలియదు. నెల నుంచి మాటల్లేవు.

మునెమ్మ వాళ్ల ఊళ్లో పాలకేంద్రం నడుపుతుంది. తూకం మిషన్, వెన్న చూసే మిషన్, చీటీ కొట్టే మిషన్, మూడూ ధరణి పనిచేసే కంపెనీవే. పోయిన నెల తూకం మిషన్‌కు ధరణి అప్‌డేట్ పెడుతుంటే కరెంటు పోయింది. మిషన్ మళ్లీ లేవలేదు. పాలు తెచ్చినవాళ్లంతా వేరే డెయిరీకి పోయారు. నీ మనవరాలికి నా గడప తొక్కొద్దని సెప్పక్కా అని ఫోన్ పెట్టేసింది మునెమ్మ.

10-5-2006, బుధవారం

ఎందుకలా అయిందో ధరణి చెప్పింది. ఒక్కో మిషన్‌తో మాట్లాడేందుకు ఒక్కో డ్రైవర్ అనే ప్రోగ్రాం ఉంటుందంట. కొత్త ఫర్మ్‌వేర్, అంటే మిషన్ లోపలి ప్రోగ్రాం, ఎక్కించే కోడ్ అన్నిటికీ ఒకటే అయినా, ప్రతి డ్రైవర్‌లోనూ విడివిడిగా రాసి పెట్టారంట. ఒకదాంట్లో తప్పు దిద్దితే తక్కినవాటిలో అలాగే ఉండిపోతుంది, తూకం మిషన్‌ది అలా దిద్దకుండా మిగిలిందేనంట. ఇప్పుడు ఆ కోడంతా డ్రైవర్లలోంచి తీసేసి, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే కోర్‌లో ఒక్కచోట పెడుతోంది.

వాళ్ల పైఆఫీసరు గిరిప్రసాద్ ఒప్పుకోలేదు. ఆ ఒక్కచోట తప్పుంటే మూడు మిషన్లూ పోతాయి కదమ్మా, రైతులకు నేనేం సెప్పుకునేది అన్నాడంట. తప్పు లేదని శనివారానికి నిరూపించకపోతే పాత పద్ధతే.

నాకూ ఆయన మాటే సరిగ్గా ఉందనిపించింది. అనకూడదనుకుంటూనే అన్నం దగ్గర అనేశాను. నువ్వు గూడా ఆ సారు పార్టీలో సేరినావా అవ్వా అని నవ్వింది. నవ్వులో బలం లేదు.

11-5-2006

మూడూ పోతే పిల్ల ఉద్యోగం?

12-5-2006, శుక్రవారం, సాయంత్రం ఆరు

ధరణి ఆఫీసు నుంచి మూడు మిషన్లూ ఇంటికి తెచ్చింది.

వాటిని ముందు గదిలో పెట్టి, అప్‌డేట్ ఎక్కిస్తోంది. మబ్బు పట్టిందని, మిద్దె మీద బట్టలు తేవడానికి పోయింది. కొండ వైపు పెద్దగా ఉరిమింది. ఉరిమితే నేను ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేస్తాను. టీవీది పీకాను, ఫ్రిజ్‌ది పీకాను. అదే ఊపులో మిషన్లదీ పీకేశాను.

ధరణి బట్టల మూటతో గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎంత పని సేసినావవ్వా అంది. తిట్టినా బాగుండేది. మునెమ్మ ఇంట్లో ఒక్కటి చచ్చింది, నేను మూడూ చంపేశానని కూలబడ్డాను.

ఉరుములు తగ్గాక ప్లగ్గు పెట్టింది. తూకం మిషన్ వెలిగింది. వెన్న మిషన్ వెలిగింది. చీటీ మిషన్ మాత్రం ఉలకలేదు. గోవిందా, గోవిందా అనుకుంటున్నాను, కిర్రుమంది! మూడూ పాత ప్రోగ్రాంతోనే లేచి, అప్‌డేట్ మళ్లీ మొదటినుంచి ఎక్కించుకున్నాయి. కొత్తది పూర్తిగా ఎక్కేదాకా పాతదాన్ని చెరపొద్దని కోర్‌లో ఒక్కసారి రాసిందంట. మూడింటినీ అదే కాపాడింది.

పీకి సూడాలని రెండు దినాలుగా అనుకుంటా ఉండానవ్వా, భయమేసి నాకు సెయ్యి రాలేదు అని నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత ఇద్దరం కాఫీ తాగాం.

13-5-2006, శనివారం

గిరిప్రసాద్ నమ్మలేదంట. తన చేత్తోనే పీకి పీకి చూసి, చివరికి ఒప్పుకున్నాడంట. మీ అవ్వను మా ఆఫీసులో ఉద్యోగానికి పంపించమ్మా అన్నాడంట. ఎగతాళే అయినా కడుపు నిండింది.

ధైర్యం చేసి మునెమ్మకు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. నీ సేతిలో పడినా సావలేదంటే ఇంక దేనికీ సావవులే అక్కా అంది.

14-5-2006

ఈసారి మునెమ్మే ఫోన్ చేసింది. మిషన్లతో ధరణిని పిల్చుకుని రమ్మంది. బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకోవాలో, సీటు కింద పెట్టాలో.

ప్రయాణం 20వ తేదీ, శనివారం.