నేల మీద కూసొని అడిగిన, అక్కా

ముత్తమ్మక్కా,

నువ్వు జ్వరంతో పోయి ఈయాలకు ఏడాది. నేను ఖమ్మంల ఎమ్మెస్సీ నర్సింగుల చేరిన. ఈ ముచ్చట చెప్పుకుందామంటే నాకు ఇంకెవరున్నరు?

భద్రాచలం దవాఖానా డ్యూటీ రూముల ఇద్దరం లెక్కేసుకున్నం, యాదికుందా? ఫీజు, హాస్టలు, రెండేండ్లు జీతం లేకుండ బతుకుడు. ఇద్దరం ఒకేసారి పోలేమని తేలింది. "నువ్వు ముందు పోవే మేరీ, నువ్వొచ్చినంక నేను పోత" అన్నవ్. నా మొదటి ఫీజుల సగం నువ్వు అప్పుడు నా చేతుల పెట్టిన చీటీ పైసలే.

క్లాసుల కేరళ పిల్లలున్నరు, ఉర్దూ మాట్లాడే పిల్ల ఉంది, తండా నుంచి వచ్చిన పిల్ల ఉంది. అన్ని రకాలోళ్లు చదువుతున్నరని కాలేజీల గొప్పగ చెప్పిండ్రు. మీ కోయ గూడేల నుంచి ఒక్కరు లేరు.

ఈయాల మేడం ఒక పిల్లను పేషెంటు లెక్క బెడ్డు మీద కూసోబెట్టి, నొప్పి ఎట్ల అడుగుతవో చూపించుమని నన్ను లేపింది. గుట్టల మీది నుంచి వచ్చినోళ్లు మనం నిలబడి అడిగితే చెప్పరని నువ్వే నేర్పితివి గదా. ఆ పిల్లను కిందికి దింపి, నేల మీద ఎదురుంగ కూసొని, నీ లెక్కనే మెల్లగ మీ కోయ భాషల అడిగిన. క్లాసంత నవ్వింది. మేడం నవ్వలే.

"ఎవరు నేర్పిండ్రు?"

"మా సీనియర్, మేడం."

"మరి ఆమెను గూడ చేరుమనకపోయినవా?"

లేచి చీర దులుపుకున్న.

"నేను చదివి వాపస్ పోయినంక వస్తనన్నది, మేడం."