నీ కారు మళ్లీ స్టార్టయింది

సులోచనా,

బాగున్నావా... నువ్వు పోయి ఏడాదిన్నర దాటింది. ఇన్నాళ్లూ నీతో మనసులోనే మాట్లాడుతూ వచ్చాను. ఇవాళ చెప్పాల్సింది కాస్త పెద్దది. పైగా అది నీ కారు సంగతి. అందుకే కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

నీ కర్మకాండ అయ్యాక కారు మీద ముసుగు కప్పి, తాళంచెవి దేవుడి గూట్లో పెట్టేశాను. మళ్లీ ముట్టుకోలేదు. నాకు నడపడం రాదు కదా. నేనెప్పుడూ నీ పక్క సీటు మనిషినే. నర్సమ్మ బండి నడుపుతుంటే లైబ్రరీ సారు పక్కన పేపరు చదువుకుంటూ కూర్చుంటాడని కోస్గిలో ఎంతమంది నవ్వేవాళ్లు... వాళ్లతో పాటు నువ్వూ నవ్వేదానివి. "సారుకు సదువుడు వస్తది, నాకు నడుపుడు వస్తది. ఇద్దరం కలిసే పోతున్నం గద" అనేదానివి.

ఇప్పుడు పేపరు ఇంట్లోనే చదువుతున్నాను. చదివింది ఎవరికి చెప్పాలి?

సంక్రాంతి వెళ్లిన కొన్నాళ్లకు కొల్లాపూర్ నుంచి మీ అమ్మ ఫోన్ చేసింది. రెండు కళ్లూ మసకబారాయట. మహబూబ్‌నగర్‌లో ఆపరేషన్ చేయించుకోమన్నారట. "బస్సెక్కితే నాకు కడుపుల తిప్పుతది అల్లుడా. మన కారున్నది గద, అండ్ల తీస్కపో" అంది.

కిరాయి కారు మాట్లాడతానని నోటిదాకా వచ్చింది. కానీ ఆమె 'మన కారు' అంది. నువ్వు లేవని ఆమెకు తెలియదా? నీ పక్కన కూర్చుని ఏడ్చిన మనిషే కదా. అయినా అలా అంది. నేను సరేనన్నాను.

మర్నాడు పొద్దున ముసుగు తీశాను. రేకుల షెడ్డే అయినా దుమ్ము ఎక్కడినుంచి వస్తుందో... అద్దం మీద వేలితో గీస్తే గీత పడింది. తలుపు తీయగానే నీ కొబ్బరినూనె వాసన. నిజంగా వచ్చిందో, నేనే అనుకున్నానో తెలియదు.

సీటు నీ ఎత్తుకు తగ్గట్టు ముందుకు జరిపి ఉంది. కూర్చోబోతే నా మోకాళ్లు స్టీరింగుకు తగిలాయి. సీటు జరపడానికి చెయ్యి రాలేదు. కాళ్లు బయటే పెట్టి, పక్కకు ఒరిగి తాళం తిప్పాను.

ఏమీ లేదు. ముందర వెలిగే ఎర్రదీపం కూడా వెలగలేదు. హారన్ నొక్కాను, మోగలేదు. మళ్లీ తిప్పాను... మళ్లీ తిప్పాను. ఎంత తిప్పినా ఆ షెడ్డులో నా ఊపిరి చప్పుడొక్కటే.

బానెట్ ఎత్తితే లోపల ఎలుకలు కంది పొట్టుతో గూడు కట్టుకున్నాయి. అదంతా తీసేసి, అవి కొరికిన వైర్లేమైనా ఉన్నాయా అని టార్చి వేసి చూశాను. కనిపించినంతవరకు లేవు. బ్యాటరీ కొసల మీద మాత్రం తెల్లగా, పచ్చగా పొడి పేరుకుపోయింది. ఎండాకాలం ముందు నువ్వు దాన్ని శుభ్రం చేస్తుంటే వేడినీళ్లు, వంటసోడా అందించేవాణ్ని. "ముందుగాల నల్ల వైరు ఇప్పాలె సారూ, ఎర్రది ముందు ముట్టకు" అనేదానివి. అలాగే విప్పాను. పాత బ్రష్‌తో రుద్ది కడిగాను. ఆ పని చేస్తున్నంతసేపూ నువ్వు వెనక నిలబడి చూస్తున్నట్టే ఉంది. బాగానే చేశానా?

ఇంటిపక్క మల్లేశం కిరాయి కార్లు నడుపుతాడు, నీకు తెలుసు కదా. అతని సాయంతో బ్యాటరీని బజారుకు తీసుకెళ్లి చార్జింగుకు ఇచ్చాను. మర్నాడు వెళితే దుకాణం అతను తల అడ్డంగా ఊపాడు. "ఇది ఇగ చార్జి పట్టది సారూ. బండిని ఇన్ని దినాలు గట్ల ఎందుకు ఇడ్సిపెట్టినరు?" అన్నాడు.

కొత్తది ఇవ్వమన్నాను. అంతే.

కొత్త బ్యాటరీ బిగించాక లైట్లు ధగధగా వెలిగాయి. హారన్ గట్టిగా మోగింది. రేడియోలోని గడియారం పన్నెండు దగ్గర మిణుకుమిణుకుమంటూ, కాలం ఇప్పుడే మొదలైనట్టు నిలబడింది. సంతోషంగా తాళం తిప్పాను. 'టక్' మని ఒక్క చప్పుడు... ఇంజన్ కదల్లేదు.

మన మెకానిక్ షెడ్డు మూసేసి హైదరాబాద్ వెళ్లిపోయాడు. మల్లేశం చూసి, "స్టార్టర్ మోటర్ పోయినట్టుంది సారూ. బండిని తాడు కట్టి మహబూబ్‌నగర్ గుంజుకపోవాలె" అన్నాడు. నీ కారును తాడు కట్టి ఊళ్లోంచి ఈడ్చుకెళ్లడం... చూడలేననిపించింది. ఒక్క రోజు ఆగమన్నాను.

ఆ సాయంత్రం షెడ్డులో కూర్చుని కొడంగల్ రోడ్డు మీద బండి ఆగిపోయిన రోజును గుర్తు చేసుకున్నాను. వాన పడుతోంది. అప్పుడూ ఇలాగే, లైట్లు వెలుగుతున్నాయి, 'టక్' మంటోంది, కదలడం లేదు. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. "నా మీద కాదు, ఇంజన్ మీద పట్టు" అని కసిరావు. ఆ తర్వాత ఏమన్నావు? గొడుగు గుర్తుంది, నీ తడిసిన భుజం గుర్తుంది, మాటే గుర్తుకు రాదే...

పొద్దున పళ్లు తోముకుంటుంటే వచ్చింది. "లైట్లు మంచిగనే వెలుగుతున్నయంటే బ్యాటరీది తప్పు లేదు. ఇంజన్‌కు ఎర్తింగ్ అందుతలేదు, గంతే." అలా అని ఇంజన్ కింద ఏదో బోల్టు బిగించావు.

మల్లేశాన్ని పిలిచాను. తాళం తిప్పడానికి అతను కూర్చోవాలి. అతనిది ఆరడుగుల ఒళ్లు. సీటు తను జరుపుకోబోతుంటే ఆగమని, నేనే వంగి కింద మీట పట్టి వెనక్కి నెట్టాను. 'కర్' మని జరిగింది. అంత సులువుగా జరుగుతుందనుకోలేదు. నీ జాగా అది... ఒక్క నెట్టుకే పోయింది. మల్లేశం నా ముఖం చూసి, మెల్లగా ఎక్కి కూర్చున్నాడు.

గేరు లేకుండా చూసుకుని, హ్యాండ్ బ్రేక్ వేయించి, నువ్వన్న ఎర్తింగ్ అందేలా మల్లేశం జంపర్ వైరు ఒక కొసను బ్యాటరీ నల్లవైపు, ఇంకో కొసను ఇంజన్ ఇనుముకు గట్టిగా పట్టించాను. తిప్పమన్నాను.

తిరిగింది సులోచనా. మొదట ముక్కుతూ, తర్వాత దగ్గుతూ, ఆ తర్వాత నీ కారు చప్పుడు. సందు చివరి నుంచే నువ్వొస్తున్నావని నాకు తెలిసే చప్పుడు. నేను చాయ్‌కు నీళ్లు పెట్టే చప్పుడు... అలవాటుగా వంటింటివైపు ఒక అడుగు వేశాను కూడా.

తర్వాత చూస్తే ఇంజన్‌ను బండి ఇనుముకు కలిపే జడలాంటి రాగితీగ బోల్టు దగ్గర చిలుముపట్టి తెగిపోవడానికి సిద్ధంగా ఉంది. కొత్తది వేయించాను. పోయింది మోటరు కాదు.

ఆ వారమే మల్లేశం నడుపుతుంటే కొల్లాపూర్ వెళ్లాం. నేను పక్కన కూర్చున్నాను కానీ పేపరు తీసుకెళ్లలేదు. దారంతా మల్లేశం ఏవో అడిగాడు, నేనేవో చెప్పాను.

సందులోకి తిరగ్గానే మీ అమ్మ చప్పుడు పట్టేసింది. కర్ర కూడా మరిచిపోయి, గోడ పట్టుకుని వాకిట్లోంచి దిగింది. నేను దిగేలోపే కారు చుట్టూ తడుముకుంటూ డ్రైవరు వైపు వచ్చింది. నువ్వొచ్చినప్పుడల్లా చేసేది అదే కదా... కిటికీలోంచి చెయ్యి పెట్టి నీ తల నిమిరేది. ఇప్పుడూ అలాగే పెట్టింది. మల్లేశం తల మీద.

మల్లేశం కదల్లేదు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి తల కాస్త వంచాడు. ఆమె వేళ్లు పొట్టి జుట్టులో ఆగిపోయాయి.

ఆమె చెయ్యి తీయకుండానే, "ఎవలి బిడ్డవు నాయినా... తిన్నవా?" అని అడిగింది.

"తినలేదవ్వా" అన్నాడు మల్లేశం. దారిలో మేమిద్దరం కడుపునిండా తిన్నాం. అయినా అలా అన్నాడు. ఆమె లోపలికి తీసుకెళ్లి జొన్నరొట్టె పెట్టింది. అతను రెండు రొట్టెలు తిన్నాడు.

ఆపరేషన్ బాగానే అయింది. ఒక కన్నే చేశారు. మందు చుక్కలు వేయడానికి కొన్నాళ్లు మనింట్లోనే ఉంచుకున్నాను. పూటపూటకూ నీ మాటే. మరో మనిషికి అన్నం పెడితే ఇల్లు వేరేగా ఉంటుందని అప్పుడు తెలిసింది. ఉండిపొమ్మన్నాను. "నా ఇల్లు నన్ను పిలుస్తున్నది బిడ్డా" అని పోయిన ఆదివారం వెళ్లిపోయింది. ఆ రాత్రి రెండు కంచాలు పెట్టుకుని, ఒకటి మళ్లీ లోపల పెట్టాను.

నేను నడపడం నేర్చుకుంటున్నాను. నవ్వకు. మల్లేశం పొద్దున్నే మార్కెట్ యార్డు వెనక ఖాళీ జాగాకు తీసుకెళ్తున్నాడు. క్లచ్ వదలగానే బండి ఎగిరి ఆగిపోతోంది. ఈ వయసులో వస్తుందా? నువ్వుంటే ఎంత కసిరేదానివో... ఇప్పుడు కసిరేవాళ్లు కూడా లేరు.

రెండో కన్ను వానాకాలం అయ్యాక చేస్తామన్నారు. అప్పుడు మల్లేశాన్ని పిలవను. కొల్లాపూర్‌కు నేనే నడుపుకుంటూ వెళ్తాను. మీ అమ్మ ఇంటి ముందు ఆపి, అద్దం దించుకుని, ఆమె వచ్చేదాకా కూర్చుంటాను.

ఉంటాను మరి.

నీ
నరహరి