ఆరని కుర్చీలు

తమ్ముడూ, వసారాలోకి వెళ్లకు. రాగానే రంపం పెట్టడానికి షెడ్డుకే వస్తావని చీటీ ఇక్కడ పెడుతున్నాను. అమ్మను వెనక దారిన కిందింటి టీచరుగారి దగ్గరికి తీసుకెళ్తున్నాను. నువ్వూ నేరుగా అక్కడికే రా.

తొమ్మిదింటికి రెండు కుర్చీలకూ వార్నిష్ ఆఖరి కోటు వేసి, వసారాలో చెట్ల వైపు తిప్పి పెట్టాను. అమ్మకు స్నానం చేయించి వచ్చేసరికి ఒకటి మన కిటికీ వైపు తిరిగి ఉంది. సీటు మీద ప్యాంటు గుడ్డ నేత అచ్చు పడింది. హ్యాండిల్ మీద అయిదు వేళ్లూ దిగాయి. నువ్వే అనుకుని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను, పోయినసారి తడి బెంచీ మీద కూర్చుంది నువ్వేగా! కానీ నువ్వు ఆరింటికే పనికి వెళ్లావు. ఆ వేళ్లు నీ వేళ్లకంటే జానెడు బారున్నాయి.

తలుపుకు గొళ్లెం బిగించరా అని నెల రోజులుగా మొత్తుకుంటున్నాను. దాని స్క్రూలు కూడా కుర్చీలకే వాడేశావు. సరేలే, నీ అన్నం నాతో పట్టుకెళ్తున్నాను. చీకటి పడకముందే రా.

అమ్మకు మాట్లాడొద్దని సైగ చేశాను. ఇప్పుడే షెడ్డు కిటికీలోంచి చూశాను. రెండో కుర్చీ ఇటు తిరిగి ఉంది.