తాళానికి బొట్టు

సెప్టెంబరు 9, మంగళవారం

కంప్యూటర్ మళ్లీ మొరాయించింది. బటన్ నొక్కితే ఫ్యాను తిరిగింది, ఆగింది. తిరిగింది, ఆగింది. నా గుండె కూడా దాంతోపాటే. చివరికి ఎలాగో వచ్చింది కానీ లోపల హార్డ్ డిస్క్ టిక్కుటిక్కుమంటోంది. నిన్న ఆ చప్పుడు లేదు. ఉందేమో, నేను వినలేదేమో...

మధ్యాహ్నం భోజనానికి షాపు మూసినప్పుడు కూడా ఆపలేదు. ఆపితే మళ్లీ రాదేమోనని భయం. సాయంత్రం ఆపక తప్పలేదు. నాంపల్లి స్టేషన్ రోడ్డు పొడుగునా అదే ఆలోచన. ఈయనకి చెప్పలేదు. చెబితే "కొత్తది కొనెయ్, పీడా పోతుంది" అంటారు. పెళ్లానికి చీర కొన్నంత తేలిక ఈయనకి.

సెప్టెంబరు 10

దండం పెట్టి నొక్కాను. వచ్చింది.

సెప్టెంబరు 11, గురువారం

శాస్త్రిగారు వచ్చారు. ఏటా ఆయన రాసే, నేను టైపు చేసే పంచాంగం మాట. "ఏమమ్మా లక్ష్మీ, ఎప్పటిలెక్కనే దసరా నాడు మొదటి పేజీ తెస్త. ఉగాదికి ముందే పుస్తకం చేతిల ఉండాలె."

"తప్పకుండా అండీ" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో! వెనకాల అది టిక్కుమంటూనే ఉంది. ఆయనకి వినపడకూడదని ఫ్యాను స్పీడు పెంచాను.

పెళ్లికార్డులు ఇప్పుడు ఎవరు వేయిస్తున్నారు... అందరూ ఫోన్లో బొమ్మ పంపేస్తున్నారు. ఈ పంచాంగం ఒక్కటే నన్ను డీటీపీ మనిషిగా నిలబెట్టింది. అది కూడా పోతే నేను జెరాక్సు తీసే ఆవిడనే.

గుమ్మం దగ్గర ఆగి, "హిమాయత్‌నగర్‌ల ఎవరో పిల్లలు పుస్తకానికి పుస్తకం తొందరగ చేసి ఇస్తున్నరట గద" అన్నారు. ఊరికే అన్నారా? ఊరికే అనే మనిషి కాదాయన.

సెప్టెంబరు 13, శనివారం

ఖలీల్ భాయ్‌ని అబిడ్స్ నుంచి షాపుకే పిలిపించాను. కంప్యూటర్ని ఆటోలో వేసుకుని ఆయన కొట్టుకి తీసుకెళ్లే ధైర్యం లేదు నాకు. పక్క మూత తీసి టార్చి వేసి చూశాడు. నాలుక చప్పరించాడు. ఆ చప్పరింపుతోనే నాకు సగం ప్రాణం పోయింది.

"చూడున్రి అమ్మా, మదర్‌బోర్డు మీద గీ కెపాసిటర్లు ఉబ్బినయ్. బోర్డు ఖతమ్. ఎప్పుడు పోతదో అల్లాకే ఎరుక. కొత్తది ఏస్కోన్రి. పదహారు జీబీ ర్యామ్, ముంగట అద్దం, లోపల రంగురంగుల లైట్లు..."

"లైట్లు నాకెందుకు భాయ్? దీని వెనక ప్రింటర్ సందు ఉంది కదా, వెడల్పుది. అది ఉంటుందా కొత్తదానికి?"

నవ్వాడు. "గవి ఇప్పుడు ఎక్కడ వస్తున్నయ్ అమ్మా!"

అదీ సంగతి. ఆ సందులో బిగించి ఉన్న డాంగిల్... అగ్గిపెట్టెంత ముక్క. అది తగిలించి లేకపోతే నా తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు. ఈయనా నేనూ దాన్ని తాళం అనే అంటాం. పోతే ఇంకోటి ఇచ్చే వాళ్లు లేరు, ఆ కంపెనీ ఎప్పుడో మూసేశారు. పంచాంగం పాత పేజీలన్నీ అందులోనే తెరుచుకుంటాయి.

సరే చూద్దామని చెయ్యి వెనక్కి పోనిచ్చాడు. "వెనక ముట్టుకోకండి భాయ్!" అని అరిచేశాను. పాపం ఉలిక్కిపడ్డాడు. బిగించిన రోజు నుంచి దాన్ని ఎవరూ ఊడదీయలేదు. గోడవైపు తిరిగి ఉంటుంది, అలాగే ఉండాలి.

సెప్టెంబరు 14, ఆదివారం

ఈయన పుస్తకాలు చూస్తానంటే అబిడ్స్ వెళ్లాం. జీపీవో దాటాక ఫుట్‌పాత్ మీద కంప్యూటర్ పుస్తకాలు కుప్ప పోసి ఉన్నాయి. నేను డీటీపీ నేర్చుకున్న పుస్తకం కనబడింది. అట్ట కూడా అదే. "ఏదైనా ఒక్కటే రేటు, తీస్కోన్రి" అని అరుస్తున్నాడు అమ్మేవాడు. తీసుకోలేదు. ఇంటికి పోదాం పదండి అన్నాను. "ఇప్పుడేగా వచ్చాం!" అని ఈయన విసుగు.

సెప్టెంబరు 16, మంగళవారం

ఈయనకి తెలిసిపోయింది. నేను చెప్పలేదు, నా మొహం చెప్పింది. "పాత అక్షరాల్ని కొత్త అక్షరాల్లోకి మార్చే పద్ధతి ఉందటగా, మార్చి పారెయ్" అన్నారు.

మార్చి చూశాను, పక్క షాపు కంప్యూటర్లో, ఒక్క పేజీ. ఒత్తులు సొంత అక్షరాన్ని వదిలేసి పక్కదానికి తగులుకున్నాయి. అంకెలు కొన్ని మాయం. వర్జ్యం ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఆ పేజీ చూసి ఎవరో పెళ్లి పెట్టుకుంటారు, ఎవరో గృహప్రవేశం చేసుకుంటారు. ఒక్క అంకె తప్పినా శాస్త్రిగారి పరువు పోతుంది, తప్పు నాది అవుతుంది. మూసేశాను.

సెప్టెంబరు 17

ఖలీల్ భాయ్ వైరు పంపాడు. ఒక కొస మామూలు యూఎస్‌బీ, ఇంకో కొస నా వెడల్పు సందు. ప్రాణం లేచి వచ్చింది. గంట కాకముందే ఫోన్. "అమ్మా, సారీ. పక్క దుకాణంల అడిగిన. గది ప్రింటర్‌కైతే నడుస్తదంట, తాళానికి నడ్వదంట." లేచిన ప్రాణం కూర్చుంది.

సెప్టెంబరు 18, గురువారం

బోర్డు దొరికింది!! పాతదే, ఎవరో ఆఫీసు వాళ్లు తీసేసినది. వెనక సందు లేదుగానీ లోపల దానికోసం పిన్నులు ఉన్నాయట. వాటికి పట్టీ లాంటి వైరు తగిలించి, వెనక రేకు బిగిస్తే సందు అయిపోతుంది. "తాళం గీడ పెట్టుకోవచ్చు. ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు. ఫికర్ చెయ్యకుండా ఉండటం నాకు పుట్టుకతో రాలేదు భాయ్!

ఈయన కొత్త అడ్డుపుల్ల. "పితృపక్షాల్లో ఎవరైనా కొంటారా? అమావాస్య పోనీ."

"బోర్డు పాతదేగా?"

"మరి మిగతావి?"

అమావాస్యదాకా ఇది బతుకుతుందా అని ఒక భయం. ఆగకుండా కొంటే ఏమవుతుందోనని ఇంకో భయం. నాకు రెండూ ఉన్నాయి, ఈయనకి ఒక్కటే. చివరికి బోర్డు ఒక్కటి తెప్పించి బీరువాలో పెట్టాను. పాతదానికి దోషం లేదని నాకు నేనే శాస్త్రం చెప్పుకున్నాను.

సెప్టెంబరు 20

దానంతట అదే ఆరిపోయింది. మూడుసార్లు నొక్కితే గానీ మళ్లీ రాలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

అమావాస్య. వీధిలో బతుకమ్మకి తంగేడు పూలు గంపలు గంపలు దిగాయి. పాటలు, చప్పట్లు. నేను కిటికీ దగ్గర నిలబడి కంప్యూటర్ పవర్ సప్లై గురించి ఆలోచిస్తున్నాను. తిక్క పట్టినట్టుంది నాకు.

సెప్టెంబరు 23, మంగళవారం

అబిడ్స్. వాన. ఖలీల్ భాయ్ కొట్టులో స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటీ ఎంచడం.

ర్యామ్ ఎక్కువ వేయించుకుందామా అంటే ఈసారి తనే వద్దన్నాడు. "మీ పాత విండోస్‌కు నాల్గు దాటితే కండ్లు కనవడవ్ అమ్మా. పైసల్ దండగ." పవర్ సప్లై మాత్రం పాతది వద్దే వద్దన్నాడు, ఉబ్బడానికి అదే కారణం కావచ్చునట. బరువుగా ఉన్నది తీసుకున్నాను. చింతపండు కొన్నట్టు చేత్తో తూచి చూస్తుంటే నవ్వాడు. నవ్వుకో.

హార్డ్ డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ. అరచేతిలో పట్టేసింది. "తిరగదు, సప్పుడు చెయ్యదు" అన్నాడు, గొప్పగా. నాకు ఇంకా భయం వేసింది. పాతది కనీసం టిక్కుమని చెబుతోంది పోతున్నానని. చప్పుడే చెయ్యనిది పోయేముందు ఎలా చెబుతుంది?

అట్టపెట్టెలు ఒళ్లో పెట్టుకుని, పైన నా కొంగు కప్పి, ఆటోలో నాంపల్లి. నేను తడిసిపోయాను, అవి తడవలేదు.

సెప్టెంబరు 25, గురువారం

ఎలా రాయాలి ఇది.

పొద్దున అంతా బాగానే జరిగింది. ఖలీల్ భాయ్ షాపుకి వచ్చి కొత్త డబ్బా బిగించి, పాత డిస్క్‌లో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కించాడు. అది ఎక్కుతున్నంతసేపూ నేను కుర్చీ చేతులు వదల్లేదు. ఎక్కింది! అమ్మయ్య అన్నాను. ఇద్దరం టీ తాగాం.

"ఇగ తాళం తీద్దమా" అని పాత డబ్బాని గోడ దగ్గర్నుంచి తిప్పాడు. ఆగిపోయాడు.

"ఇదేంది అమ్మా? తుప్పా? రంగేసిన్రా?"

వెనకంతా ఎర్రగా, గట్టిగా, పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంది. డాంగిల్ ఆకారమే కనబడటం లేదు.

"కుంకుమ" అన్నాను.

ప్రతి దసరాకీ పెట్టేదాన్ని. మానిటర్‌కి ఈయన పెట్టేవారు, ప్రింటర్‌కి ఈయన పెట్టేవారు. తాళానికి మాత్రం నేనే. గోడ సందులో చెయ్యి దూర్చి, తడి పసుపు రాసి, దాని మీద కుంకుమ. చూడకుండానే, చేత్తో తడుముకుని. మాకు అన్నం పెట్టేది డబ్బా కాదు, అదీ అని. తుడవడం ఎప్పుడూ చెయ్యలేదు. దేవుడి బొట్టు ఎవరైనా తుడుస్తారా?

ఖలీల్ భాయ్ తిట్టినా బాగుండేది. స్పిరిట్‌తో, పాత టూత్ బ్రష్‌తో గీకాడు. స్క్రూలు కదల్లేదు. పట్టకారు వేశాడు. కదిలాయి. మెల్లగా లాగాడు... టప్.

డాంగిల్ చేతికి వచ్చింది. పిన్నులు పచ్చగా చిలుమెక్కి ఉన్నాయి. ఒకటి లేదు. విరిగి పాత డబ్బా సందులోనే ఉండిపోయింది.

నేను గుడ్డతో బల్ల తుడుస్తూనే ఉన్నాను. ఏమీ లేదు బల్ల మీద. తుడుస్తూనే ఉన్నాను.

సెప్టెంబరు 26

కొత్త పిన్ను అతికిస్తానన్నాడు, కొట్టులో. "ఇచ్చి పోన్రి, రేపు తెస్త" అన్నాడు. ఇవ్వలేకపోయాను. నేనే చేతి రుమాలులో చుట్టుకుని తీసుకెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"జర దూరం జరగున్రి అమ్మా. మీరు గట్ల చూస్తుంటే పని ఎట్ల జేస్త. వేడికి లోపలిది కాలితే నన్ననొద్దు."

కళ్లు మూసుకున్నాను. కాలిన వాసన. అది టంకం వాసనే అన్నాడు. నమ్మాను. నమ్మక ఏం చేస్తాను?

సెప్టెంబరు 27, శనివారం

కొత్త డబ్బాకి బిగించాం. తెరిచాం. తాళం దొరకలేదు అని వచ్చింది స్క్రీన్ మీద. మళ్లీ. మళ్లీ అదే. ఈయన నా భుజం మీద చెయ్యి వేశారు, ఎప్పుడూ వెయ్యరు.

ఖలీల్ భాయ్ వెనక్కి వెళ్లి డాంగిల్ని వేలితో కొంచెం పైకి నొక్కి పట్టాడు. "ఇప్పుడు."

తెరుచుకుంది. ఏడ్చేశాను, సిగ్గు లేకుండా.

వేలు తీస్తే పోతుంది. అందుకని కింద అట్టముక్క మడిచి దూర్చాడు. నిలబడింది. పోతూ పోతూ, "గిట్లనే ఉండనియ్యున్రి. ముట్టకున్రి, తుడవకున్రి. మొక్కేదుంటే దూరంకెల్లే మొక్కున్రి" అన్నాడు. నవ్వుతూ అన్నాడా? నవ్వలేదు.

సెప్టెంబరు 29

ఆపడం లేదు. రాత్రింబగళ్లు నడుస్తోంది. "మొగుణ్ణి కూడా ఇంతలా చూసుకోలేదు నువ్వు" అంటారు ఈయన. మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్ కూస్తున్నంతసేపూ దాని ముందే నిలబడ్డాను. వచ్చింది.

శాస్త్రిగారికి ఫోన్ చేసి చెప్పేద్దామని తీశాను. ఏం చెప్పను? అట్టముక్క మీద ఉంది మీ పంచాంగం అనా? పెట్టేశాను.

అక్టోబరు 1

కిందటేడు పేజీలు అన్నీ తెరిచి చూశాను. ఉన్నాయి. ఒత్తులన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో.

అక్టోబరు 2, గురువారం. దసరా

షాపులోనే రాస్తున్నాను.

గుమ్మానికి బంతిపూలు. ఈయన అన్నిటికీ బొట్లు పెట్టేశారు... షట్టర్‌కి, జెరాక్సుకి, ప్రింటర్‌కి, కత్తెరకి. మూలన ఉన్న పాత డబ్బాకి కూడా. కుంకుమ భరిణె నా చేతికిచ్చి, "నీ తాళానికి నువ్వే పెట్టుకో" అన్నారు, అలవాటు కొద్దీ. అని, నాలుక కరుచుకున్నారు. శాస్త్రిగారు అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నారు, మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు రాసి తెచ్చారు.

"ఊఁ, కానియ్యమ్మా. బొట్టువెట్టి మొదలువెట్టు. మంచి ఘడియ దాటిపోతది."

వేలు కుంకుమలో ముంచాను. వెనక్కి వెళ్లాను. డాంగిల్ శుభ్రంగా, నల్లగా, వంకరగా ఉంది. కింద అట్టముక్క. పొడి కుంకుమే, తడి లేదు, ఒక్క చుక్క, ఏమవుతుంది? ఇన్నేళ్లూ అలా అనుకునే కదా పెట్టాను.

పెడితే, కదిలితే, ఆయన కళ్లెదుటే పోతుంది. పెట్టకపోతే ఎందుకు పెట్టలేదమ్మా అని అడుగుతారు, నేను చెప్పాలి. చెప్పడం కూడా కాదు. పెట్టకుండా ఎలా మొదలుపెట్టను? ఇన్ని దసరాల్లో ఒక్కసారీ అలా చెయ్యలేదు. దాన్ని ఇంతకాలం కాపాడింది నా బొట్టేనని నమ్మాను. పాడు చేసింది కూడా అదే. రెండూ తెలిశాక ఈ వేలు ఎటు పెట్టుకోవాలి?

"ముందు టీ తాగండి శాస్త్రిగారూ" అని బయటపడ్డాను. ఈయనే వెళ్లి తెచ్చారు. నేను ఏదో లెక్క రాస్తున్నట్టు ఇదిగో ఈ డైరీ ముందేసుకుని కూర్చున్నాను. పేజీ అంచున ఎర్రటి వేలిముద్ర పడింది.

ఫ్యాను సన్నగా తిరుగుతోంది. వాళ్లిద్దరూ వాన గురించి మాట్లాడుకుంటున్నారు. ఈయన నావైపు చూడటం లేదు, కావాలనే.

శాస్త్రిగారు గ్లాసు కింద పెట్టారు.