బోర్డు మీద మిగిలిన బిళ్ళ

అమ్మకు దండాలు. నేనూ పాపా కులాసా.

జూటు మిల్లంటే ఇంక భయపడకు. లేబరు ఆఫీసు వాళ్ళు వచ్చి వెళ్ళాక మిషన్లకు ఇనప జాలీలు బిగించారు, పిల్లలకు ఊయల గది పెట్టారు. మా పేర్ల బిళ్ళలు పొద్దున్నే బోర్డుకు తగిలిస్తారు. డ్యూటీ దిగేటప్పుడు ఎవరిది వాళ్ళు తీసివ్వాలి. బోర్డు ఖాళీ అయితేనే గేటు తీస్తారు.

అలా పెట్టిన మొదటి రోజే, మాతో పనిచేసిన భరణి బిళ్ళ మిగిలింది. పాత హాజరు పుస్తకం చూసి పేర్లు రాశారు మరి. భరణి పోయి ఏడాదైంది. అప్పట్లో ఊయల గది లేదు. గోనెల మీద పడుకోబెట్టిన బిడ్డ ఏడిస్తే వెనక్కి తిరిగింది, కొంగు మిషన్లో చిక్కుకుంది.

“ఒకలు లోపలుండిపోనారు” అని వాచ్‌మన్ గేటు తీయలేదు. అందుకని ఆమె లోపలే ఉండిపోకుండా రోజుకొకరం పిలిచి, బిళ్ళ తీసి వస్తున్నాం.

మొన్న నా వంతు. “రాయే భరణీ, ఇంటికెల్దుం” అన్నాను.

పక్కనున్న కన్యాకుమారి పిన్ని ఉలిక్కిపడింది. “ఎవలింటికో సెప్పకుండా పిలిసీసినావేటే?”

మిగతావాళ్ళు “మీ ఇంటికెల్లిపోవే” అంటారట. నాకు తెలియదు.

అప్పటి నుంచీ పాప ఏడవలేదు. నేను వంటింట్లో ఉన్నా ఊయల ఊగుతూనే ఉంది.

నాన్న మోకాలు నొప్పి తగ్గిందా? ఊయలకు నీ పాత చీర ఒకటి పంపు. తమ్ముడు త్రినాథ్‌కు నా దీవెనలు. ఫోన్లో అడిగితే ఆమె వింటుందని కార్డు రాస్తున్నాను. పొమ్మనడానికి ఏమనాలో రాయి. చిన్న మాట చాలు, పాప నిద్ర లేవకుండా అనగలిగేది.

ఝాన్సీ, రాజాం