ఏడో నంబరు బస్సు తీర్పు

బాబాయికి,

ఇక్కడ ఎవరం క్షేమంగా లేము. నువ్వైనా క్షేమంగా ఉన్నావనుకుంటాను.

ఈ కవర్లో క్యాసెట్టు ఉంది. మా బ్యాండు ‘ఓవర్‌టైమ్’ మొదటి పాట. పంక్ అంటే ఏంటని అడగకు: రెండు నిమిషాలు, నాలుగు అరుపులు, బోలెడు కోపం. బోల్టుల ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు నిలబడ్డాక నాకు వేరే రాగం రాదు. గిటారూ అరుపులూ నావి, డ్రమ్ములు వదినవి. నా గది గోడలకి దుప్పట్లు కట్టి మేమే రికార్డు చేశాం, ఏ మోత ఎంత వినపడాలో సరిచూసే మిక్సింగూ మేమే చేశాం. పాట నేర్పిస్తానన్న మాస్టారు “ఆడపిల్లలు మెల్లగా పాడాలమ్మా” అన్నాడు. లేచొచ్చేశాను.

కార్మికుల హాల్లో వార్షికోత్సవానికి ఒక్క కొత్త బ్యాండుకి స్టేజీ ఇస్తారట. ఇరవయ్యో తారీఖులోగా కార్యదర్శికి క్యాసెట్టు అందాలి. మాకది కావాలి బాబాయ్. దుప్పట్లకి పాడి పాడి విసుగొచ్చింది.

అందరూ “బాగుందమ్మా” అంటున్నారు. అమ్మయితే వినకముందే అనేసింది. నువ్వు నిజం చెప్పు. ఫోనులో అయితే నువ్వూ బాగుందనేసి పెట్టేస్తావు, అందుకే రాసి పంపు. ఏది ఎక్కువైంది, ఏది తక్కువైంది?

నీ అన్న కూతురు

తా.క.: మోత బాగుంటుందని వదిన డ్రమ్ములు బాత్రూంలో వాయించింది. ఆ రోజు అన్నయ్య స్నానం చెయ్యకుండా ఆఫీసుకెళ్ళాడు. కళ కోసం ఎవరో ఒకరు త్యాగం చెయ్యాలిగా.

*

చిచ్చుబుడ్డికి బాబాయి దీవెనలు.

క్యాసెట్టు అందింది. నేను నడిపే ఏడో నంబరు బస్సులో టేపు ఉందిగా, పొద్దున ట్రిప్పులోనే వేశాను. ఒక్కడి మాట మీద తీర్పేంటని, తలుపు వైపు వరసలో కూర్చున్నవాళ్ళందర్నీ కండక్టరు చేత అడిగించి రాయించాను.

అందరిదీ ఒకటే మాట. అమ్మాయి గొంతు అదిరింది, గిటారు కరకరలాడింది, మరి డ్రమ్ములేవీ? ఒక్క దెబ్బ వినపడితే ఒట్టు. ఒక నర్సు, “ఈ పిల్లనెవరేమన్నారు? వాడెవడో చెప్పండి, నేను మాట్లాడతాను” అందట. టైలరు మాత్రం, “డ్రమ్ములావిడ ఆ రోజు సెలవు పెట్టిందా?” అన్నాడట.

ఉన్నదున్నట్టు రాశాను. నా మీద ఎగరకు.

నీ బాబాయి

తా.క.: పాట “విజిల్ నీ అబ్బ సొమ్మా” అని మొదలవుతుందట, ముందే చెప్పొద్దూ! మా కండక్టరు తననే అన్నారనుకుని అలిగి రెండు స్టాపులు విజిల్ వెయ్యలేదు. దిగాల్సినవాళ్ళంతా నాతో డిపో దాకా వచ్చారు.

*

బాబాయ్,

కొంప ముంచావు. నీ ఉత్తరం నాకంటే ముందు వదిన చదివింది.

“ఆడపడుచు బుద్ధి చూపించావు! నా దెబ్బలన్నీ నొక్కేసి నీ అరుపులు మిగుల్చుకున్నావు” అంది. ఒట్టేసినా నమ్మలేదు. ఇప్పుడు నాతో మాటల్లేవు. “ఆకలైనవాళ్ళకి అన్నం గిన్నెలో ఉంది” అని ఫ్రిజ్జుకి చెప్తోంది. డ్రమ్ము కర్రలు బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆమె వాయించకపోతే ఇంక స్టేజీ ఏంటి, నా తలకాయ!

అందుకని ఆమె ఎదురుగానే డ్రమ్ములు రెండింతలు పెంచాను. ఆమె విని, తలూపింది. ఫ్రిజ్జు వైపు చూసే ఊపిందనుకో. రెండో క్యాసెట్టు పంపుతున్నాను. పది రోజులే ఉంది. మళ్ళీ అడిగించు.

నీ అన్న కూతురు

తా.క.: డ్రమ్ములు బాగుంటే ఆ ముక్క పెద్దక్షరాలతో రాయి. కవరు చింపేది ఆవిడే.

*

అమ్మడూ,

డ్రమ్ములు బ్రహ్మాండం!! సరిపోయిందా?

పోయినసారి తలుపు వైపు వాళ్ళనే అడిగామని నా వెనక వరసవాళ్ళు అలిగారు. అందుకని ఈసారి వాళ్ళ వంతు. డ్రమ్ములకి సీట్లు కూడా అదిరాయన్నారు. కానీ పాటేదీ, పాడేదెవరు అని అడుగుతున్నారు. ఒక వడ్రంగి, “ఎవరిదో ఇల్లు కడుతున్నట్టుంది, తలుపులు మనకిమ్మనండి” అన్నాడట.

అది విని తలుపు వైపు వాళ్ళు లేచారు. “ఆ పిల్ల గొంతు చించుకుంటుంటే వినపడలేదా? మీ చెవుల్లో దూదుందా? డ్రమ్ములే ఇప్పటికీ లేవు!” అని. రచ్చరచ్చ. చివరికి అటువాళ్ళు ఇటూ ఇటువాళ్ళు అటూ కూర్చున్నారు. మళ్ళీ వేస్తే మాటలు కూడా తారుమారయ్యాయి: డ్రమ్ములేవన్నవాళ్ళు పాటేదన్నారు, పాటేదన్నవాళ్ళు డ్రమ్ములేవన్నారు. నాకు ముక్క అర్థం కాలేదు. నీకేమన్నా అర్థమైతే రాయి.

నీ బాబాయి

తా.క.: నర్సు వడ్రంగితో మాట్లాడటం లేదు.

*

బాబాయ్,

అర్థమైంది. సిగ్గుతో రాస్తున్నాను, చదివి చింపెయ్.

నీ ఉత్తరం పట్టుకుని నేనూ వదినా జుట్టూజుట్టూ పట్టుకునేదాకా వచ్చాం. అన్నయ్య మధ్యలో దూరి, “అసలు మిక్సింగు ఎలా చేశారో నాకు చూపించండి తల్లీ” అన్నాడు. చూపించాం.

ఇంట్లో ఇయర్‌ఫోన్ ఒక్కటే ఉంది. ఒక చెవిది నేను పెట్టుకున్నాను, రెండోది వదిన పెట్టుకుంది. “నా డ్రమ్ములు చెవికి ఆనట్లేదు” అని ఆమె తన వైపు డ్రమ్ములు పెంచి నా గొంతు తగ్గించింది. నేనూరుకుంటానా, నా వైపు నా గొంతు పెంచి డ్రమ్ములు తగ్గించాను. అలా తగ్గించీ పెంచీ, చివరికి ఎవరి చెవిలో వాళ్ళమే మిగిలాం. ఇద్దరం ఒకేసారి “అద్భుతం” అనుకుని ముగించాం! నీ బస్సులో నా చెవిది తలుపు వైపు స్పీకర్లలో, వదిన చెవిది నీ వెనక వరస స్పీకర్లలో మోగింది.

అన్నయ్య నవ్వలేక నేల మీద కూర్చున్నాడు. తర్వాత వదిన కూర్చుంది. నేను బాగా ఆలస్యంగా కూర్చున్నాను.

కర్రలు బీరువాలోంచి బయటికొచ్చాయి. మూడో క్యాసెట్టులో అన్నీ రెండు వైపులా వస్తాయి. నాలుగు రోజులే ఉంది. హాలు నీ రూట్లోనే కదా, బస్సులో ఒకసారి వేసి చూసి, కార్యదర్శి చేతిలో నువ్వే పెట్టు.

నీ అన్న కూతురు

తా.క.: చిన్నమామయ్యగారూ, నమస్కారం. ఇది నేను, డ్రమ్ములు. ఈసారి చెవులు మార్చుకుని విన్నాం. తన అరుపు నిజంగానే బాగుందండీ. తను చదవకముందే కవరు అంటించేస్తున్నాను.

*

చిచ్చుబుడ్డికీ డ్రమ్ములకీ దీవెనలు.

మూడో క్యాసెట్టు వేశాను. అందరికీ అన్నీ వినపడ్డాయట. బాగుందన్నారు, ఎవరి స్టాపులో వాళ్ళు దిగిపోయారు. ఒక్కరూ పోట్లాడలేదు. బస్సు బోసిపోయింది.

సాయంత్రం ట్రిప్పులో వాళ్ళే గొడవ చేసి రెండోది వేయించారు. తలుపు వైపు వరస “విజిల్ నీ అబ్బ సొమ్మా” అని అరుపు, నా వెనక వరస సీటు రాడ్ల మీద దరువు. మధ్యలో కండక్టరు విజిల్. మూడోది ఇద్దామని హాలు ముందు ఆపితే, ఆ మోతకి కార్యదర్శే బయటికొచ్చాడు. ఏంటిదన్నాడు. మా పిల్లల పాటన్నాను. ఎక్కి రెండు వరసల మధ్య నిలబడ్డాడు. ఆఖరి స్టాపు దాకా దిగలేదు.

స్టేజీ మీదేనమ్మా! కాదు, స్టేజీలు. ఆయనది ఒకటే షరతు: హాలుకి ఈ చివర నువ్వు, ఆ చివర వదిన, మధ్యలో జనం. మూడో క్యాసెట్టు వద్దన్నాడు.

నీ బాబాయి

తా.క.: ఇంతకీ నేనింతవరకూ మీ పాట వినలేదు తల్లీ. నా సీటు దగ్గర స్పీకరు లేదు, పక్కనే ఇంజను. ఇంట్లో టేపు లేదు. ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక బస్సులో అందర్నీ అడిగించాను. వార్షికోత్సవం రోజుకి సెలవు పెట్టాను. సరిగ్గా మధ్యలో ఒక కుర్చీ వేయించు.