మేనమామ వచ్చేదాకా మంజులను పంపకు

నారాయణపేట,
జూన్, రెండో ఆదివారం.

పొద్దున ముసురు పట్టేలాగే ఉండి, తర్వాత ఎండ కాసింది. ఎరుపు అద్దిన నూలును పిండి దండేలకు ఆరవేసి వచ్చి కూర్చున్నాను.

అక్కకు, తమ్ముడు నర్సింహ దండం పెట్టి రాస్తున్నది. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, బావ, అవ్వ, మంజుల కూడా అట్లాగే ఉన్నారనుకుంటున్నాను. అవ్వ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో మొన్న ఫోనులో అడగాలనుకున్నాను, వీలు కాలేదు. నేను నోరు తెరిచేలోపు బావ ‘అంతా మంచిదే’ అని పెట్టేస్తాడు. నువ్వు తీసుకుంటే నీ ముచ్చటే సరిపోతుంది. ఫోనులో నాకు మాట తొందరగా రాదని నీకు తెలుసు. అందుకే రాస్తున్నాను. మన ఊరి యాదయ్య బిడ్డ పెళ్లి చీరలు కొనడానికి ఇక్కడికి వచ్చాడు, సాయంత్రం బస్సుకు తిరిగి పోతాడు. ఆయన చేతికి ఇస్తాను. మంజుల చేత చదివించుకో. మంజులా, నీ సంగతి వచ్చిన చోట ఆగకు, ఏదీ మింగకు. ఉన్నది ఉన్నట్టు చదువు.

పనికేమీ ఢోకా లేదు. రంగుల షెడ్డులో పొద్దంతా నిలబడే పని, చేతులు మోచేతుల దాకా ఎరుపే. జొన్నరొట్టె మన దగ్గరిలాంటిదే, పచ్చడి మాత్రం వేరే. ఇంటి ఓనరమ్మ సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడుతుంది. పిలిచిందో తిట్టిందో తెలియక రెండింటికీ తల ఊపుతాను. పని నుంచి వచ్చాక పలకరించే మనిషి లేడు. ఊళ్లో ఉన్నప్పుడూ నేను మాట్లాడింది తక్కువే, కానీ నా చుట్టూ మాట్లాడేవాళ్లు ఉండేవారు. నా గురించి మాత్రం ఫికర్ పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

మీరు దేవరకొండలో చూసిన సినిమానే ఇక్కడా ఆడింది. పిల్లలను ఎత్తుకుపోయి అమ్మే ముఠా, వాళ్లను విడిపించే పోలీసు. మా సేటు షెడ్డులో అందరినీ తీసుకుపోయాడు. నిజంగా జరిగిన కథ అని మొదట్లోనే తెర మీద పడితే హాలంతా ఈలలు. గాజుల కార్ఖానా తలుపు పగలగొట్టి పిల్లలను బయటకు తెచ్చేటప్పుడు మా మేస్త్రీ వెక్కి వెక్కి ఏడ్చాడు. నా కళ్లూ తడిశాయి, కాదనను.

బయటికి రాగానే మేస్త్రీ, “గా కన్నుకాడ గాటున్నోన్ని జూడంగనే నేనైతే వట్టేస్తుంటి” అన్నాడు. అందరిదీ అదే మాట. నాకు చిరాకు వేసింది. ఆ గాటున్నవాడు కథ సగమయ్యాక వస్తాడక్కా. పిల్లను ఇంట్లోంచి తీసింది వాడు కాదు. మొదట్లో ఒకామె వస్తుంది, వరుసకు చిన్నమ్మ. పిల్లకు తల దువ్వి, పూలు పెట్టి, తల్లి ముందరే చెయ్యి పట్టుకుని బస్సెక్కిస్తుంది. సద్దిమూట కట్టి ఇచ్చింది తల్లే. అక్కడ ఎవరూ ఏడవరు, వెనక సంగీతం కూడా లేదు. హాల్లో సగం మంది అప్పటికింకా సమోసాల దగ్గరే ఉన్నారు. మీ దగ్గరా అంతే అయి ఉంటుంది.

లేకపోతే ఏటా మన ఊరికి వచ్చే సాయిలును మీరు ఎలా కట్టేస్తారు? ఎంత సంబరంగా చెప్పావు నువ్వు, “పిల్లల దొంగ దొరికిండురా, సంచి నిండ ఆడివిల్లల ఎంటికలే” అని. అక్కా, ఆయన వెంట్రుకలు కొనేవాడు. ఆయన సంచిలో వెంట్రుకలు కాక ఇంకేముంటాయి? దువ్వెనకు వచ్చినవి చుట్టి చూరులో దోపుకుని, ఆయన వస్తే ఇచ్చి పిన్నులు తీసుకునేదానివి కదా. మన ఇంట్లో పాలు కాచే స్టీలు గిన్నె ఎక్కడిది? అవ్వ రాలిన జుట్టు దాచి దాచి తీసుకున్నదే. ఆ సంచిలో ఉన్నవి మీ అందరి తలల మీదివే. వాటినే చూసి మీరు జడుసుకున్నారు. పిల్లలకు బుడగలు ఇచ్చాడట, అదొక రుజువు. మన చిన్నప్పుడు మనకు ఇయ్యలేదా? ముసలాయనను పంచాయతీ ఆఫీసు స్తంభానికి కట్టి నొసలు పగలగొట్టారు. పోలీసులు రాకపోతే ఏమయ్యేది? బావ కూడా ఒక దెబ్బ వేశాడని నువ్వే గొప్పగా చెప్పావు. బావను దేవరకొండ దవాఖానకు పోయి ఆయనను చూసి రమ్మను. ఆ సంచి ఎవరింట్లో ఉందో అడిగి తీసుకుపోయి ఆయనకే ఇమ్మను.

ఆ ముచ్చట అంతసేపు చెప్పి, ఫోను పెట్టేముందు ఒక్క మాట అన్నావు. “మంజుల గురువారం అనసూయమ్మ వెంబడి పట్నం పోతాంది. పెద్దోల్ల ఇంట్ల చంటిపిల్లను ఆడిపిస్తది, ఆల్లే సదివిపిస్తరట.”

పట్నంలో ఎక్కడ అంటే ఆమెకే ఎరుక అన్నావు. ఆ ఇంటివాళ్ల పేరు అంటే, పోయినంక ఫోన్ చేయిస్తుందట అన్నావు. ఆమెను ఏం చూసి నమ్మావు అంటే నువ్వన్న మాట నాకింకా చెవుల్లోనే ఉంది. “నా పక్కకే గూసోని సిన్మ సూసింది. నాకంటె ఎక్కువ ఏడ్చిందిరా.”

అప్పటి నుంచి అన్నం సహించడం లేదు. ఏడిస్తే మంచివాళ్లేనా? అంత ఏడ్చిన మా మేస్త్రీ మరునాడు పొద్దున నీళ్లు మోసే ముసలామెను నోటికొచ్చినట్టు తిట్టాడు. సాయిలు మనింటికి ఎన్ని ఏండ్లుగా వస్తున్నా ఊరు కానివాడు కాబట్టి దొంగ. అనసూయమ్మ బావకు అక్క వరుస కాబట్టి ఇల్లు అడగకుండానే పిల్లను అప్పగిస్తారు. వెంట్రుకలకు పెట్టిన కాపలా పిల్లకు పెట్టరా?

అనసూయమ్మ అట్లాంటిది అని నేను అనడం లేదు. నాకు తెలియదు. నీకూ తెలియదు. బావకు అంతకన్నా తెలియదు. తెలియకుండా పిల్లను ఎలా పంపుతావన్నదే నా గొడవ. పదమూడేళ్ల పిల్ల, బడి తెరిచే రోజులు.

ఆమె ముఖం మీద కాదనడం బావకు నామోషీ అని నాకు తెలుసు. కాదనవద్దు. మన ఇంట్లో ఆడపిల్ల ఊరు విడిచి పోతుందంటే మేనమామ వచ్చి బట్టలు పెట్టి, బొట్టు పెట్టి పంపాలి కదా. నిన్ను అత్తగారింటికి పంపిననాడు మన మేనమామ వచ్చేదాకా బండి కదలలేదు. అదే చెప్పు. ‘మా తమ్ముడు నారాయణపేట నుంచి బట్టలు తెస్తడు, ఆడే వెంటొచ్చి ఆ ఇంట్ల దింపిపోతడు’ అను. ఇందులో అబద్ధం ఏమీ లేదు, నిజంగానే వస్తాను. ఆమె మంచి మనిషైతే వారం రోజులు ఆగుతుంది, ఇల్లు కూడా చూపిస్తుంది. ఆగనంటే నీకే అర్థమవుతుంది.

మంజులా, ఇది నీకు. నువ్వు కూడా మా మామ రావాలని ఏడువు. ఏడిస్తే నమ్ముతారు కదా మీ ఇంట్లో.

అక్కా, కోపంలో రాశాను, మనసులో పెట్టుకోకు. చిన్నవాడిని, నీ దీవెన ఉండాలి. అవ్వ కాళ్లు మొక్కానని చెప్పు, గోలీలు మానొద్దని చెప్పు. బావకు

ఇక్కడి దాకా రాసేసరికి యాదయ్య వచ్చాడు. గురువారంలోపు ఉత్తరం అందాలి అన్నాను. చీరల మూట కింద పెట్టి నా ముఖం చూశాడు.

“గురువారం ఎక్కడిది నర్సింహా, రేపు పొద్దుగాల బస్సుకేనట. మా ఇంట్లామె ఇప్పుడే ఫోన్ల చెప్పింది. గీ సిన్మ సూసినంక జనం అడ్డమైన ప్రశ్నలు అడుగుతున్నరు, జల్ది పోవాలె అన్నదట అనసూయమ్మ.”

వెంటనే ఫోను చేశాను. బావ ఎత్తి, అంతా మంచిదే అని పెట్టేశాడు.

నేనూ యాదయ్య వెంట బస్సెక్కుతున్నాను. బట్టలు కొనే వ్యవధి లేదు, ఆయనే మూటలోంచి ఒక చీర తీసి ఇచ్చాడు. ఈ కాగితం ఎవరికీ ఇవ్వను, నా జేబులోనే ఉంటుంది. అక్కడికి వచ్చాక నాకు మాట పెగలదు. అనసూయమ్మను కూర్చోబెట్టి, ఆమె ముందర మంజుల చేత మొదటి నుంచి ఇదే చదివిస్తాను. సేటుకు ఇంకా చెప్పలేదు. పడమట మళ్లీ మబ్బు పట్టింది, నూలు దండేల మీదనే...